అన్నీ రాస్తున్నా ముఖం ఎందుకు పాడవుతోంది?

  కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం ఒక్క ముక్క. నాది మైలవరం. బీఫార్మసీ చదివి ఇక్కడే ఒక మెడికల్ షాపులో పని చేస్తున్నాను. డాక్టర్ని కాదు. కాబట్టి ఈ వీడియో చూసి ఎవరూ జబ్బు పేరు తేల్చుకోకండి. కౌంటర్ ఇవతల నిలబడి రోజూ నేను చూసేది, చదువుకున్నది, ఈ రెండూ కలిపి చెబుతాను. అంతే.

ఈ రోజు టాపిక్ స్కిన్‌కేర్. ఏం కొనాలో చెప్పే వీడియోలు లక్ష ఉన్నాయి, ఇది ఆ రకం కాదు. ఏం మానెయ్యాలో చెప్పే వీడియో.

నాలుగైదేళ్ళ క్రితం షాపుకొచ్చే పిల్లలు "అక్కా, మొటిమలకి ఏదైనా ఇవ్వండి" అని అడిగేవాళ్ళు. ఇప్పుడు అలా అడగట్లేదు. ఫోన్ తీసి స్క్రీన్‌షాట్ చూపిస్తున్నారు. అందులో పొద్దున వాడేవి ఐదు, రాత్రి వాడేవి ఆరు. పక్కన నంబర్లు కూడా. 10 శాతం నియాసినమైడ్, 2 శాతం సాలిసిలిక్, రెటినాల్ ఇంత, విటమిన్ సి ఇంత. నేను కాలేజీలో చదివిన పేర్లు ఇంటర్ పిల్లలు గడగడా చెప్పేస్తున్నారు. నిజంగా సంతోషమే. కానీ ఆ లిస్టు చెప్పాక చాలామంది చివర్లో ఒకటే మాట అంటున్నారు. "ఇవన్నీ వాడుతున్నా అక్కా, ముందుకన్నా ఎక్కువైంది. ఇంకేం కలపమంటారు?"

చూశారా, "ఇంకేం కలపమంటారు" అనే అడుగుతున్నారు. "ఇందులో ఏది తీసెయ్యాలి" అని అడిగినవాళ్ళు నాకు చాలా తక్కువమంది తగిలారు. ఈ ఎపిసోడ్ అంతా ఆ రెండో ప్రశ్న గురించే.

ముందు చర్మం సంగతి చూద్దాం. కొంచెం సైన్స్ ఉంటుంది, స్కిప్ చెయ్యకండి, తర్వాత చెప్పేదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

మన చర్మానికి అన్నిటికన్నా పైన ఒక పొర ఉంటుంది. దాని మందం మిల్లీమీటర్‌లో సుమారు యాభయ్యో వంతు. నోట్‌బుక్‌లో ఒక్క కాగితం తీసుకుంటే, అందులో ఐదో వంతు అనుకోండి. అంత పల్చటి పొర లోపలి నీళ్ళని బయటికి పోనివ్వదు, బయటి క్రిముల్ని, మందుల్ని లోపలికి రానివ్వదు. పీటర్ ఎలియాస్ అనే అమెరికన్ స్కిన్ డాక్టరు దీన్ని ఇటుకల గోడతో పోల్చారు. చచ్చిపోయి గట్టిపడిన కణాలు ఇటుకలు. వాటి మధ్య ఉండే కొవ్వు సిమెంటు. సెరమైడ్లు, కొలెస్టరాల్, ఫ్యాటీ యాసిడ్లు, ఇవే ఆ కొవ్వు. మీరు సీసాల మీద చదివే సెరమైడ్ కొత్త కనిపెట్టుడేం కాదు, మీ ముఖం తనంతట తాను తయారు చేసుకునే పదార్థమే.

ఈ గోడ పాడైతే బాగు చేసుకోవడం కూడా దానికి తెలుసు. కింద పుట్టిన కణం పైకొచ్చి రాలిపోవడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. వయసుని బట్టి కొంచెం అటూ ఇటూ. ఈ నాలుగు వారాలు అన్న మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇంకొక్కటి. ఆరోగ్యంగా ఉన్న చర్మం పైభాగం కొంచెం పులుపు గుణంతో ఉంటుంది. పీహెచ్ దాదాపు 4.5 నుంచి 5.5. మామూలు ఒంటి సబ్బు 9, 10 దగ్గర ఉంటుంది. అందుకే సబ్బుతో ముఖం కడిగితే బిగుసుకున్నట్టు ఉంటుంది. "బాగా శుభ్రమైంది" అని మనం మురిసిపోయే ఆ బిగుతు, నిజానికి గోడలో సిమెంటు కొంత కొట్టుకుపోయిన గుర్తు.

సరే, ఇప్పుడు ఆ స్క్రీన్‌షాట్ లిస్టు దగ్గరికి వద్దాం.

మా దగ్గరికి వచ్చే ఒక మామూలు లిస్టు చెబుతాను. ఫేస్‌వాష్, అందులో సాలిసిలిక్ యాసిడ్. టోనర్, అందులో గ్లైకోలిక్ యాసిడ్. మొటిమలకి సీరమ్, అందులో మళ్ళీ సాలిసిలిక్. మచ్చలకి విటమిన్ సి. రాత్రికి రెటినాల్. ఆదివారం ఎర్రగా ఉండే పీలింగ్ సొల్యూషన్. ఇవి కాక ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న వాల్‌నట్ స్క్రబ్.

వీటిలో దేన్నీ నేను చెడ్డదని అనడం లేదు. సాలిసిలిక్ యాసిడ్ మొటిమలకి పని చేస్తుంది. రెటినాయిడ్లు కూడా పని చేస్తాయి, డాక్టర్లు రాసేదీ వాటినే. సమస్య లెక్కలో ఉంది. పప్పుచారులో అమ్మ ఉప్పు వేసింది. అది తెలీక అక్క వేసింది. పొయ్యి పక్క నుంచి వెళ్తూ నాన్నమ్మ కూడా ఒక చిటికెడు వేసింది. ముగ్గురూ సరైన కొలతే వేశారు. తినేవాడికి మాత్రం నోట్లో పెట్టుకోడానికి లేదు. మీ ముఖం మీద జరిగేదీ ఇదే. ఏ సీసా దానికదే "రోజూ వాడుకోవచ్చు" అని చెబుతుంది. పక్క సీసాలో ఏముందో దానికి తెలీదు. లెక్క వెయ్యాల్సింది మీరే.

ఇంటికెళ్ళి ఒక పని చెయ్యండి. మీ దగ్గరున్న సీసాలన్నీ మంచం మీద వరుసగా పెట్టండి. గోడని పల్చబరిచేవి, రాలగొట్టేవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. సాలిసిలిక్, గ్లైకోలిక్, లాక్టిక్, మాండెలిక్, రెటినాల్, అడాపలీన్, ట్రెటినాయిన్, బెంజాయిల్ పెరాక్సైడ్, స్క్రబ్బు, పీల్ ఆఫ్ మాస్కు. రెండు దాటాయా? మీ ముఖం మండుతుందంటే నేను ఆశ్చర్యపోను.

ఇంకో సంగతి. ఈ పది స్టెప్పుల రొటీన్ ఎక్కువగా కొరియా పేరుతో మన ఫోన్లలోకి వచ్చింది. అక్కడ చలికాలంలో గడ్డకట్టే చలి, పొడిగాలి. ఒకదాని మీద ఒకటి తేమ పొరలు వేసుకోవడంలో వాళ్ళకో అర్థం ఉంది. మన సంగతేంటి? మే నెలలో విజయవాడలో ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. మైలవరం నుంచి బెజవాడ బస్సులో నిలబడి వెళ్ళి, దిగి ఆటో ఎక్కేసరికి ముఖం మీద వేసిన పొరలన్నీ చెమటతో కలిసి ముద్దవుతాయి. స్కూటీ మీద వెళ్ళే అమ్మాయిలైతే ఎండకి చున్నీ బిగించి కట్టుకుంటారు. లోపల చెమట, పైన రాపిడి. ఆ ముద్దతో రంధ్రాలు మూసుకుపోయి వచ్చే చిన్న చిన్న పొక్కులకి పాత పేరే ఉంది. 1972లోనే అమెరికాలో క్లిగ్‌మన్, మిల్స్ అనే ఇద్దరు డాక్టర్లు "యాక్నె కాస్మెటికా" అని రాశారు. అంటే సౌందర్య సాధనాల వల్ల వచ్చే మొటిమలు. యాభై ఏళ్ళ కిందటి మాట ఇది. అప్పుడు సీరమ్‌ల గోల కూడా లేదు.

మరి రొటీన్ వల్లే పాడవుతోందని ఎలా తెలుస్తుంది? కొన్ని గుర్తులు చెబుతాను.

ఒకటి, మంట. ఇంతకుముందు ఏమీ చెయ్యని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ ఇప్పుడు రాయగానే చురుక్కుమంటోంది. కొంతమందికి ఉత్త నీళ్ళు తగిలినా మండుతుంది. ఇది చాలా గట్టి గుర్తు.

రెండు, మెరుపు. నూనె కాదు, ప్లాస్టిక్ కవర్ లాగిపెట్టినట్టు బిగుతుగా మెరుస్తుంది. దీన్ని గ్లాస్ స్కిన్ అనుకుని ఫోటో పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు.

మూడు, నుదుటి మీద, బుగ్గల మీద ఒకే సైజులో సన్నటి పొక్కులు. మామూలు మొటిమలు చిన్నా పెద్దా కలిసి ఉంటాయి. ఇవి పేలాల్లా ఒకేలా ఉంటాయి.

నాలుగు, నోటి చుట్టూ, ముక్కు పక్కన ఎర్రటి సన్న పొక్కులు. దీనికి పెరియోరల్ డెర్మటైటిస్ అని పేరు. దీనికి డాక్టర్లు చెప్పే మొదటి వైద్యాల్లో ఒకదాని పేరు "జీరో థెరపీ". అంటే ముఖానికి రాసేవన్నీ ఆపెయ్యడం. పేరులోనే సున్నా ఉంది చూడండి.

ఇక్కడ చాలామంది నన్ను ఆపేస్తారు. "అక్కా, అది పర్జింగ్ అంట కదా, మొదట ఎక్కువై తర్వాత తగ్గుతుందంట కదా" అని. పర్జింగ్ అనేది అబద్ధం కాదు. కానీ దానికి హద్దులున్నాయి. చర్మం తిరగడాన్ని వేగం చేసేవాటికే అది వస్తుంది, అంటే రెటినాయిడ్లు, యాసిడ్లు. మీకు మామూలుగా ఎక్కడ మొటిమలొస్తాయో అక్కడే వస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాల్లో తగ్గుముఖం పడుతుంది. నియాసినమైడ్‌కి పర్జింగ్ ఉండదు. మాయిశ్చరైజర్‌కి ఉండదు. సన్‌స్క్రీన్‌కి ఉండదు. ఎప్పుడూ రాని చోట కొత్తగా వస్తున్నా, దురద, మంట, పొట్టు కలిసి వస్తున్నా అది పర్జింగ్ కాదు. చర్మం "ఆపు" అని చెబుతోంది. రెండు నెలలైనా "పర్జింగే" అని సర్దిచెప్పుకుంటూ కూర్చోకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నా. తెల్లతోలు వాళ్ళ వీడియోల్లో చెప్పనిది, మన రంగు వాళ్ళకి అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

మన చర్మంలో మెలనిన్ ఎక్కువ. ఎండ నుంచి కాపాడే మంచి వస్తువు అది. కానీ దానికో స్వభావం ఉంది. చర్మానికి ఏ గాయమైనా, మంటైనా, గోకుడైనా, అది మానాక అక్కడ రంగు వదిలేసి వెళ్తుంది. చిన్నప్పుడు దోమ కుట్టిన చోట గోకితే కాళ్ళ మీద నల్లమచ్చలు మిగిలేవి, గుర్తుందా? అదే ముఖం మీదా. డాక్టర్లు దీన్ని పోస్ట్ ఇన్‌ఫ్లమేటరీ హైపర్‌పిగ్మెంటేషన్ అంటారు. పాలిపోయిన రంగు వాళ్ళకి ఒక యాసిడ్ ఎక్కువైతే నాలుగు రోజులు ఎర్రగా ఉండి పోతుంది. మనకి అదే మంట గోధుమరంగు మచ్చై నెలల తరబడి కూర్చుంటుంది. పైగా మన రంగులో ఆ మొదటి ఎరుపు సరిగ్గా కనిపించదు. కొంచెం కమిలినట్టు, జీవం లేనట్టు ఉంటుంది. మనమేమో "ముఖం డల్ అయింది" అనుకుంటాం. డల్ అయిందని ఏం చేస్తాం? ఇంకో బ్రైటెనింగ్ సీరమ్ కొంటాం.

ఇక తిరగడం మొదలవుతుంది. మొటిమ కోసం యాసిడ్. యాసిడ్‌కి మంట. మంటకి మచ్చ. మచ్చ కోసం విటమిన్ సి. అప్పటికే చిల్లులు పడిన గోడ మీద విటమిన్ సి ఇంకా మంట. దానికి ఇంకో మచ్చ. మచ్చ కోసం పీల్. గానుగెద్దు లాగా అక్కడక్కడే తిరుగుతుంటాం. ఒక్కో రౌండ్‌కీ నాలుగైదు వందలు జేబులోంచి పోతాయి. మొదట ఆ ముఖం మీద ఉన్నవి నాలుగు మొటిమలు. అవి వాటంతటవే పోయేవి కూడా కావచ్చు.

ఇంటి చిట్కాలకీ ఇదే లెక్క. "నేచురల్ కదా" అంటారు. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది. చర్మానికి అలవాటైన పులుపు కన్నా అది వందల రెట్లు ఘాటు. అది రాసుకుని ఎండలోకి వెళ్తే కాలినట్టు బొబ్బలొచ్చి నల్లబడే ప్రమాదం కూడా ఉంది. మొటిమ మీద టూత్‌పేస్ట్, వంటసోడా, ఇవి కూడా అంతే. సున్నిపిండి ఒంటికి బాగుంటుంది కానీ, మొటిమలున్న ముఖం మీద పెట్టి రుద్దకండి.

ఇప్పటిదాకా చెప్పింది చాలావరకు ఆపితే సర్దుకునేదే. ఇప్పుడు చెప్పేది అంత తేలిక కాదు. కొంచెం జాగ్రత్తగా వినండి.

రొటీన్‌తో ముఖం మండి, నల్లబడి విసిగిపోయాక చాలామంది చేసే తర్వాతి పని ఏంటో తెలుసా? మెడికల్ షాపుకొచ్చి ఒక ట్యూబు అడుగుతారు. స్నేహితురాలు చెప్పిందనో, బ్యూటీ పార్లర్‌లో చెప్పారనో, పిన్ని వాడిందనో. ఆ ట్యూబు రాస్తే మూడు రోజుల్లో మంట మాయం. వారంలో ముఖం తెల్లగా, నున్నగా. అద్భుతం అనిపిస్తుంది. ఎందుకంటే అందులో స్టెరాయిడ్ ఉంటుంది.

స్టెరాయిడ్ క్రీమ్ మంచి మందు. ఎగ్జిమాకి, సోరియాసిస్‌కి డాక్టర్ చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు వాడితే మేలు చేస్తుంది. ముఖానికి నెలల తరబడి ఫేస్‌క్రీమ్‌లా రాస్తే మాత్రం చర్మం పల్చబడుతుంది. లోపలి రక్తనాళాలు ఎర్రటి దారాల్లా పైకి కనిపిస్తాయి. బుగ్గల మీద వెంట్రుకలు పెరుగుతాయి. మొటిమలు గుంపులుగా లేస్తాయి. ఆపగానే ముఖం ఎర్రగా కందిపోయి మండుతుంది, అది భరించలేక మళ్ళీ రాస్తారు. రాస్తే తగ్గుతుంది, ఆపితే లేస్తుంది. ముఖం ఆ ట్యూబుకి అలవాటు పడిపోతుంది.

ఈ అవస్థకి పేరు పెట్టింది మన దేశపు డాక్టర్లే. కౌశిక్ లాహిరి, అరిజిత్ కూండూ అనే ఇద్దరు స్కిన్ డాక్టర్లు "టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్" అన్నారు. అంటే స్టెరాయిడ్ పూతతో పాడైన ముఖం. 2011లో మన దేశంలోని పలు ఆసుపత్రుల డాక్టర్లు కలిసి ఒక పరిశీలన ప్రచురించారు. ముఖం మీద ఏదో ఒక చర్మ సమస్యతో వచ్చిన 2926 మందిని అడిగితే 433 మంది ముఖానికి స్టెరాయిడ్ క్రీమ్ వాడుతున్నారని తేలింది. దాదాపు ప్రతి ఏడుగురిలో ఒకరు. అందులో సగానికి పైగా డాక్టర్ కానివాళ్ళ మాట మీద వాడినవాళ్ళే. తెల్లబడటానికి వాడినవాళ్ళూ ఉన్నారు, మొటిమలకి వాడినవాళ్ళూ ఉన్నారు.

మా షాపులో జరిగిన ఒక సంగతి చెబుతాను. వాళ్ళు చెప్పమన్నాకే చెబుతున్నాను, పేర్లు మాత్రం చెప్పను. ఒక అమ్మ, కూతుర్ని తీసుకుని వచ్చింది. అమ్మాయి డిగ్రీ అయిపోయింది. ముఖానికి చున్నీ చుట్టుకునే ఉంది. ఖాళీ ట్యూబు నా ముందు పెట్టి "ఇదే ఇంకోటి ఇవ్వమ్మా" అంది ఆ అమ్మ. చూస్తే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటసోన్, మూడూ కలిసిన క్రీమ్. మంగు మచ్చలకి డాక్టర్లు కొద్ది వారాలకి రాసే రకం. ఎన్నాళ్ళుగా వాడుతున్నారంటే ఎనిమిది నెలలు అన్నారు. మొదట్లో ఆ అమ్మాయి ఫోన్‌లో చూసి సీరమ్‌లు వాడిందట, ముఖం కమిలిపోయిందట, అప్పుడు ఎవరో ఈ ట్యూబు చెప్పారట.

చీటీ లేకుండా ఇవ్వనన్నాను. ఆవిడకి కోపం వచ్చింది. "వచ్చే నెల పెళ్ళిచూపులు ఉన్నాయి తల్లీ, ఇప్పుడు మానేస్తే ఎలా? నువ్వివ్వకపోతే ఇంకో చోట ఇస్తారు" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అది నిజం. అప్పుడు అమ్మాయే చున్నీ తీసింది. బుగ్గల మీద ఎర్రటి గీతలు. "నాకు పొయ్యి దగ్గర నిలబడితేనే మండుతోంది అక్కా, ఇది ఆపాలి" అంది. వాళ్ళు బెజవాడ వెళ్ళి స్కిన్ డాక్టర్‌ని కలిశారు. ఆయన ఆ క్రీమ్‌ని మెల్లమెల్లగా తగ్గిస్తూ ఆపించారు. మొదటి నెల నరకమే అని చెప్పింది. ముఖం ఉబ్బింది, మొటిమలు లేచాయి, పెళ్ళిచూపులు వాయిదా వేశారు. ఇప్పుడు చాలా నయం. మంట పోయింది. ఆ ఎర్ర గీతలు మాత్రం కొన్ని ఉండిపోయాయి.

ఆ అమ్మ చెడ్డదేం కాదు. చామనఛాయ అమ్మాయిని చూసి "పిల్ల బాగుంది కానీ రంగే కొంచెం..." అని ఆగిపోయే నోళ్ళు మన చుట్టూ ఎన్ని ఉన్నాయో మనకి తెలుసు. ఆ ఆగిపోయిన మాటని పూడ్చడానికే ఆవిడ ట్యూబు కొంటోంది. కంపెనీలు పేర్లు మార్చుకున్నాయి, ఫెయిర్ అన్న మాట తీసేసి గ్లో అన్నాయి, మన ఇళ్ళలో మాట మారలేదు. ఇది చూస్తున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, కనీసం మీ తరంలో ఆ మాట అనకండి. ఇది స్కిన్‌కేర్ సలహాయే అనుకోండి.

ఇక జాగ్రత్తలు చెబుతాను. ట్యూబు కొనేటప్పుడు దాని మీద రాసింది చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూఓసినోలోన్. ఈ పేర్లలో ఏదైనా కనిపిస్తే అది స్టెరాయిడ్. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టర్ చీటీ మీదే అమ్మాలని షెడ్యూల్ హెచ్ కిందకి గట్టిగా తెచ్చింది. ట్యూబు మీద ఆర్‌ఎక్స్ అనే గుర్తు, డాక్టర్ చీటీ మీదే అమ్మాలన్న హెచ్చరిక ఉంటాయి. అది కనిపించిందంటే ఫేస్‌క్రీమ్ కాదు, మందు అని అర్థం.

ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్ళు ఈ వీడియో చూసి రేపే టక్కున ఆపెయ్యకండి. తిరగబెడుతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్ళి, నిజం చెప్పి, ఖాళీ ట్యూబు చూపించి, వాళ్ళు చెప్పినట్టు తగ్గించండి. డబ్బుల సంగతైతే విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. ఓపీ చీటీ రాయించుకుని చూపించుకోవచ్చు.

లేబుల్ లేని డబ్బాలు, మీద పదార్థాల పేర్లు లేని "నైట్ క్రీమ్"లు, ఆన్‌లైన్‌లో వచ్చే ఫారిన్ తెలుపు క్రీములు అసలు ముట్టుకోవద్దు. కొన్నిటిలో పాదరసం ఉంటుంది. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో కిడ్నీ డాక్టర్లు ఒక అరుదైన కిడ్నీ జబ్బు వరుసగా రావడం గమనించారు. ఆ రకం జబ్బున్న 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవాళ్ళే. ముఖానికి రాసింది ముఖం దగ్గరే ఆగుతుందని గ్యారంటీ లేదు.

సరే, స్టెరాయిడ్ జోలికి పోలేదు, సీరమ్‌లతోనే పాడైంది. మరి ఏం చెయ్యాలి? మొదట్లో గుర్తు పెట్టుకోమన్న నాలుగు వారాలు ఇక్కడ కావాలి.

నాలుగు వారాలు మూడే మూడు. ఒకటి, వాసన లేని మెత్తటి ఫేస్‌వాష్, రోజుకి ఒకటి లేదా రెండుసార్లు. పొద్దున ఉత్త నీళ్ళు చాలు. రెండు, సాదా మాయిశ్చరైజర్. ఏ యాక్టివ్ లేనిది, సువాసన లేనిది. మన ఉక్కకి జెల్‌లా తేలిగ్గా ఉన్నది చూసుకోండి. మూడు, పగలు సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువ. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు తీస్తే ముఖానికి, మెడకి సరిపోతుంది. మచ్చలు ముదరకుండా ఆపేది ఇదే. సన్‌స్క్రీనే మండుతుంటే కొన్నాళ్ళు టోపీ, గొడుగు వాడండి. చున్నీ కడితే వదులుగా, ఉతికిన కాటన్‌ది కట్టండి.

మిగతావన్నీ డబ్బాలో పెట్టి మూత పెట్టండి. పారెయ్యమనట్లేదు, డబ్బు పెట్టి కొన్నారు కదా. అబ్బాయిలు, మీకూ ఇదే. షేవింగ్ చేసుకున్న వెంటనే గడ్డం మీద యాసిడ్ సీరమ్ రాయొద్దు. సెలూన్లో ఫేషియల్ తర్వాత బ్లీచ్ కూడా అన్నారంటే వద్దని చెప్పండి.

మొదటి వారంలో ఏమీ మారనట్టు ఉంటుంది. చేతులు ఊరుకోవు. "ఏమీ రాయకుండా ఎలా" అనిపిస్తుంది. అద్దం దగ్గర ఫోన్ ఫ్రంట్ కెమెరా పెట్టి జూమ్ చేసుకుని చూడకండి. అంత దగ్గరగా మిమ్మల్ని ఎవరూ చూడరు. మంట ముందు తగ్గుతుంది, తర్వాత పొక్కులు, మచ్చలు అన్నిటికన్నా ఆఖర్న. మచ్చలకి నెలలు పడుతుంది. అది మామూలే.

ముఖం కుదుటపడ్డాక ఏదైనా కావాలనిపిస్తే ఒక్కటే మొదలుపెట్టండి. మీకు అన్నిటికన్నా ఇబ్బంది పెడుతున్నది ఏది? మొటిమలా, మచ్చలా? దానికి ఒక్కటి. ముందు చెవి వెనకాల కానీ దవడ కింద కానీ మూడు నాలుగు రోజులు రాసి చూడండి. తర్వాత వారానికి రెండు రాత్రులు. ఇంకోటి కలపాలంటే మళ్ళీ నెల ఆగండి. ఒకేసారి నాలుగు మొదలుపెడితే ఏది మేలు చేసిందో, ఏది చెడగొట్టిందో మీకే తెలీదు. గర్భంతో ఉన్నవాళ్ళు, పిల్లల కోసం చూస్తున్నవాళ్ళు రెటినాల్, ట్రెటినాయిన్ జాతివి వాడకూడదు, ఇది మర్చిపోవద్దు.

గడ్డల్లాంటి నొప్పి మొటిమలు, గుంటలు పడుతున్న మొటిమలు, నెలసరి తప్పుతూ దవడ మీద వచ్చే మొటిమలు, నాలుగు వారాలు అన్నీ ఆపినా తగ్గని మంట, వీటికి నా వీడియో సరిపోదు, ఎవరి వీడియో సరిపోదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. పది సీసాల డబ్బుతో పోలిస్తే ఒక కన్సల్టేషన్ ఫీజు తక్కువే పడుతుంది.

చివరిగా ఒక్క మాట. స్క్రీన్ మీద కనిపించే రొటీన్ వాళ్ళ ముఖాన్ని అలా చేసిందని అనుకోకండి. చాలామందికి ఆ ముఖం ముందే ఉంది, రొటీన్ తర్వాత వచ్చింది, లైటు, ఫిల్టరు దాని మీద వచ్చాయి. మీ చర్మం మండుతుంటే అది మీతో మాట్లాడుతోంది. దాని మాట వినడానికి ఏమీ కొనక్కర్లేదు.

మీ మంచం మీద వరుసలో ఎన్ని సీసాలు తేలాయో కామెంట్స్‌లో చెప్పండి. వాటిలో ఏం తీసేశారో కూడా రాయండి, అది చదివి ఇంకొకళ్ళు ధైర్యం తెచ్చుకుంటారు. వచ్చే ఎపిసోడ్‌లో చుండ్రు గురించి మాట్లాడుకుందాం. ఉంటానండీ, నమస్తే.